కాంపొనెంట్ల నంబర్లు ఎప్పుడు మార్చవచ్చు, ఎప్పుడు తాకకూడదు

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు షీట్ల స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) ఉంది. మొదటి బ్యాచ్ బోర్డులు తయారై వచ్చాయి, పనిచేస్తున్నాయి. రెండో రివిజన్ కోసం ఇన్‌పుట్ దగ్గర ఒక ఫిల్టరు చేర్చారు. కొత్త భాగాలకు పేర్లు పెట్టడానికి అనోటేట్ నొక్కగానే సగం రెసిస్టర్ల నంబర్లు జరిగిపోయాయి. నిన్నటి ఆర్12 ఇప్పుడు ఆర్17 అయింది. మీరు అడిగినవి మూడు: ఇలా మారకుండా ఎలా ఆపాలి, నంబర్లు స్కీమాటిక్ వరుసలో ఉండాలా లేక బోర్డు మీద స్థానాన్ని బట్టి ఉండాలా, మాస్‌ఫెట్‌కు (ఒక రకం ట్రాన్సిస్టర్) పేరు ముందు క్యూ అని పెట్టాలా ఎం అని పెట్టాలా.

ముందు జరిగినదాన్ని వెనక్కి తిప్పండి. ఫైలు ఇంకా తెరిచే ఉంటే అన్‌డూ చాలు. మూసేసి ఉంటే ప్రాజెక్టు ఫోల్డర్‌లో చూడండి. 6వ వెర్షన్ నుంచి కైక్యాడ్ తనంతట తానే బ్యాకప్‌లు తీసి, తేదీ, సమయం ఉన్న జిప్ ఫైళ్లుగా ఒక ఫోల్డర్‌లో దాచిపెడుతుంది. పాత నంబర్లున్న స్కీమాటిక్‌ను అందులోంచి బయటికి తీసి, ఫిల్టరును మళ్లీ గీయండి. మారిపోయిన నంబర్లను ఒక్కొక్కటిగా చేత్తో దిద్దుకుంటూ పోవద్దు. ఆర్17ను ఆర్12గా మార్చబోతే ఆర్12 అప్పటికే ఇంకొకటి ఉంటుంది, దాన్ని తప్పించబోతే మరొకటి అడ్డు వస్తుంది. చివరికి ఎక్కడో రెండు రెసిస్టర్లు పేర్లు తారుమారై మిగిలిపోతాయి. వాటిని ఏ తనిఖీ పట్టుకోదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో రెండు పేర్లూ సరైనవే.

ఇప్పుడు అనోటేట్ విండో. అందులో రెండు దారులుంటాయి. ఒకటి ఉన్న పేర్లను అలాగే ఉంచి, ప్రశ్నార్థకంతో (ఆర్? అన్నట్టు, ఇంకా నంబరు రాకుండా) ఉన్నవాటికి మాత్రమే నంబర్లు ఇస్తుంది. రెండోది అన్నిటినీ చెరిపి మొదటి నుంచి ఇస్తుంది. మీరు రెండోదాన్ని ఎంచుకుని ఉంటారు. తెర మీద మొదటిది ‘కీప్ ఎగ్జిస్టింగ్’ అని, రెండోది ‘రీసెట్ ఎగ్జిస్టింగ్’ అని మొదలవుతుంది. తయారై వచ్చిన బోర్డు ఉన్న ప్రాజెక్టులో ఆ రెండోదాని జోలికి వెళ్లనే కూడదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అసలు చిక్కు దీని తరువాత ఉంది. ఉన్న పేర్లు ఉంచమన్నా, కొత్త భాగానికి కైక్యాడ్ ఇచ్చేది ఖాళీగా ఉన్న మొదటి నంబరు. రెండో రివిజన్‌లో మీరు పాత ఆర్7ను తీసేశారనుకోండి. కొత్తగా పెట్టిన రెసిస్టర్‌కు ఆర్7 అనే పేరు వచ్చి కూర్చుంటుంది. మొదటి రివిజన్‌లో ఆర్7 అంటే ఎల్ఈడీకి వేసిన 330 ఓమ్‌లు, రెండో రివిజన్‌లో ఆర్7 అంటే ఫిల్టరులోని 10 కిలో ఓమ్‌లు. రెండు బోర్డులూ ఒకే బల్ల మీద ఉంటే, ఫోనులో ‘ఆర్7 మార్చి చూడండి’ అని చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఏమవుతుందో ఊహించండి. దీనికి మందు అదే విండోలో ఉంది: ఏ నంబరు తరువాత మొదలుపెట్టాలో చెప్పే గడి. మీ డిజైన్‌లో అన్నిటికంటే పెద్ద నంబరు 58 అనుకుంటే అక్కడ 60 వేయండి. కొత్తవి 61 నుంచి వస్తాయి. తీసేసిన నంబర్లు ఖాళీగానే మిగిలిపోతాయి.

ఆ ఖాళీలు చూసి చాలామందికి మనసు ఊరుకోదు. ఆర్6 తరువాత ఆర్8 ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. హైదరాబాదు పాత వీధుల్లో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో చూడండి. ఒక ఇల్లు కూలిస్తే ఆ నంబరు పోతుంది, రెండిళ్ల మధ్య కొత్తది లేస్తే దానికి ఇంకో గీత, ఇంకో అంకె తగిలిస్తారు. వీధి మొత్తానికి నంబర్లు మార్చరు, మారిస్తే పోస్ట్‌మ్యాన్‌కు ముందు అప్పులవాడు దారి తప్పుతాడు. కాంపొనెంట్ నంబరు చేసే పని కూడా అంతే, దాని పేరు మీద బయట ఎన్నో కాగితాలు తిరుగుతుంటాయి. పాత మిలటరీ పరికరాలు, కొలత పరికరాల స్కీమాటిక్‌లలో ఒక మూల చిన్న పట్టిక ఉండేది: వాడిన అతి పెద్ద నంబర్లు ఒక వరుసలో, వాడకుండా వదిలేసిన నంబర్లు ఇంకో వరుసలో. ఆర్ 112 వరకు, సి 64 వరకు, లేనివి ఆర్7, ఆర్33, సి12 అన్నట్టు. ఖాళీ ఉండడం లోపం కాదని, కావాలనే వదిలామని చదివేవారికి చెప్పడమే దాని పని. మీరు కూడా స్కీమాటిక్ మొదటి షీట్‌లో అలాంటి నాలుగు వరుసల టెక్స్ట్ పెట్టుకోండి. ఆ అతి పెద్ద నంబరే తరువాతి సారి అనోటేట్ గడిలో వేయవలసినది కూడా.

ఇంటి నంబర్ల నుంచి మాత్రం ఒకటి తెచ్చుకోకండి. ఆర్12 పక్కన చేర్చిన కొత్త రెసిస్టర్‌కు ఆర్12ఎ అని పేరు పెట్టవద్దు. ఈ రంగంలో చివర వచ్చే అక్షరానికి ముందే ఒక అర్థం ఉంది: ఒకే ప్యాకేజీలోని భాగం. ఆర్డుయినో ఊనో ఆర్3 స్కీమాటిక్ తెరిచి చూస్తే యు5ఎ, యు5బి కనిపిస్తాయి. అవి రెండు చిప్‌లు కావు, ఒకే ఎల్ఎంవీ358 చిప్‌లోని రెండు ఆపాంప్‌లు (యాంప్లిఫయర్ సర్క్యూట్లు). ఒకటి బోర్డుకు విద్యుత్తు యూఎస్‌బీ నుంచి రావాలా, బయటి జాక్ నుంచి రావాలా అని తేల్చే కంపారేటర్. రెండోది 13వ పిన్ ఎల్ఈడీని నడిపే బఫర్. రెసిస్టర్ ప్యాక్‌లు కూడా అంతే, ఒక పొట్టలో నాలుగు. ఆర్12ఎ అని చూసినవారు ఆర్12బి ఎక్కడుందా అని వెతుకుతారు. పైగా పేరు చివర అంకె లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు దానికి ఇంకా నంబరు ఇవ్వలేదనే అనుకుంటాయి.

ఇంతకీ ఈ నంబరు మీద ఇంత పట్టుదల ఎందుకు? కంప్యూటర్ లోపల స్కీమాటిక్‌లోని సింబల్‌నూ బోర్డు మీది ఫుట్‌ప్రింట్‌నూ (ఆ భాగాన్ని టంకం వేసే ప్యాడ్‌ల అమరిక) కలిపి ఉంచేది ఈ పేరు కాదు. ప్రతి సింబల్‌కూ కనిపించని పొడవైన గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది, లంకె దానితోనే. అందుకే మీరు నంబర్లన్నీ మార్చి, ఎఫ్8 నొక్కి బోర్డును అప్‌డేట్ చేసినా ఒక్క తీగ కూడా కదలదు. లోపల అంతా క్షేమం. ఆ క్షేమం చూసే చాలామంది మోసపోతారు. గుర్తింపు సంఖ్య ప్రాజెక్టు గడప దాటదు, గడప దాటి వెళ్లేది ఆర్12 అన్న పేరు ఒక్కటే.

బోర్డు తయారీకి మీరు పంపేవి ముఖ్యంగా రెండు. ఒకటి బీఓఎం, అంటే భాగాల జాబితా: ఆర్12 అంటే ఏ కంపెనీ, ఏ విలువ, ఏ సైజు. రెండోది పిక్ అండ్ ప్లేస్ ఫైలు: ఆర్12ను బోర్డు మీద ఏ ఎక్స్, ఏ వై దగ్గర, ఏ కోణంలో పెట్టాలి. మొదటిదానిలో స్థానం లేదు, రెండోదాని విలువను మెషిన్ నమ్మదు. ఈ రెండు ఫైళ్లనూ కలిపే దారం ఆ పేరే. సోమవారం బీఓఎం పంపి, మంగళవారం నంబర్లు ‘సర్ది’, బుధవారం స్థానాల ఫైలు పంపితే మెషిన్ తన పని తాను నిక్కచ్చిగా చేస్తుంది. ఆర్12 కోసం రీలులో ఉన్నదాన్ని తీసి, కొత్త ఆర్12 ఉన్న చోట పెడుతుంది. సైజు రెండూ 0603 అయితే కంటికి తేడా తెలియదు. కెమెరాతో చేసే తనిఖీ కూడా అదే బీఓఎం నుంచి నేర్చుకున్నది కాబట్టి తల ఊపుతుంది.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో ఒక లెక్క చూడండి. ఎల్ఎం317 రెగ్యులేటర్‌తో 3.3 వోల్టులు తీస్తున్నారనుకుందాం. అవుట్‌పుట్, అడ్జస్ట్ పిన్‌ల మధ్య 240 ఓమ్‌లు, అడ్జస్ట్ పిన్ నుంచి గ్రౌండ్‌కు 390. 1.25ను (1 + 390/240)తో గుణిస్తే 3.28 వోల్టులు వస్తాయి. ఇప్పుడు ఆ 390 ఉండవలసిన చోట, పేర్లు జరగడం వల్ల, పక్క సర్క్యూట్‌లోని 1 కిలో ఓమ్ వచ్చి కూర్చుందనుకోండి. అదే లెక్కలో 6.46 వోల్టులు. ఎస్‌టీఎం32ఎఫ్103 లాంటి మైక్రోకంట్రోలర్ పనిచేయగల గరిష్ఠ సరఫరా 3.6 వోల్టులు. విద్యుత్తు ఇచ్చిన క్షణంలోనే పోతుంది. స్కీమాటిక్‌లో తప్పు లేదు, లేఅవుట్‌లో తప్పు లేదు, ఈఆర్‌సీ (స్కీమాటిక్ తనిఖీ), డీఆర్‌సీ (బోర్డు తనిఖీ) రెండూ శుభ్రం. తప్పంతా రెండు ఫైళ్ల తేదీల మధ్య ఉంది.

తయారీతో కథ ముగిసిపోదు. తయారైన బోర్డులను పరీక్షించే టెస్ట్ ఫిక్స్‌చర్ ప్రోగ్రాములో ఆ పేర్లుంటాయి. రిపేరు రిజిస్టరులో ‘సి14 వేడెక్కుతోంది’ అని రాసి ఉంటుంది. ఫర్మ్‌వేర్ రాసినవారు వ్యాఖ్యల్లో ‘ఆర్22, ఆర్23 డివైడర్’ అని రాసుకుని ఉంటారు. కస్టమర్‌కు పంపిన మెయిల్‌లో ‘ఆర్9 తీసేస్తే సరిపోతుంది’ అని ఉంటుంది. వీటిలో ఒక్కటీ మీ అనోటేట్ బటన్ మాట వినదు.

కాబట్టి నా లెక్కలో ఏ వరుస అన్నదానికంటే ఏ రోజు అన్నది ముఖ్యం. మొదటి ఫైళ్లు బయటికి వెళ్లేవరకు నంబర్లను ఎన్నిసార్లయినా, ఎలాగైనా మార్చుకోండి, అడిగేవారు లేరు. వెళ్లిన తరువాత ఉన్నవి ఉన్నట్టే, కొత్తవి చివర. ఇది పాటిస్తే స్కీమాటిక్ వరుసా, బోర్డు వరుసా అన్న వాదనలో సగం పస పోతుంది, ఎందుకంటే ఏ వరుసైనా రెండో రివిజన్‌కు కొంత చెదురుతుంది.

అయినా మీరు అడిగారు కాబట్టి నా పక్షం చెబుతాను. నేను స్కీమాటిక్ వైపే, అదీ షీట్‌కు ఒక వంద చొప్పున. అనోటేట్ విండోలోనే షీట్ నంబరును 100తో గానీ 1000తో గానీ గుణించి మొదలుపెట్టే ఎంపిక ఉంది. మొదటి షీట్‌లో పవర్ సప్లై ఉంటే ఆర్101, సి101, యు101. రెండో షీట్‌లో మైక్రోకంట్రోలర్ ఉంటే 201 నుంచి. మూడోది ఇన్‌పుట్, 301 నుంచి. బోర్డు మీద సి214 పొంగి కనబడితే స్కీమాటిక్‌లో ఏ పేజీ తెరవాలో ఆలోచించనక్కరలేదు. ఒక షీట్‌లో ఒకే రకం భాగాలు 99 దాటే అవకాశం ఉంటే ముందే 1000 ఎంచుకోండి. లేకపోతే మొదటి షీట్ పొంగి రెండో షీట్ నంబర్లలోకి వచ్చి పడుతుంది, ఆ పద్ధతి పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. తరువాత ఎప్పుడైనా కొత్త షీట్ అవసరమైతే దాన్ని చివర చేర్చండి. మధ్యలో దూరిస్తే షీట్ల క్రమం జరిగి, నాలుగో పేజీలో 300లు కనబడే గందరగోళం మొదలవుతుంది.

దీనిలో ఇంకో సౌకర్యం ఉంది, ఎక్కువమంది గమనించరు. నంబర్లన్నీ మూడంకెలవే అయితే స్ప్రెడ్‌షీట్‌లో వరుస దానంతటదే కుదురుతుంది. ఆర్1 నుంచి మొదలుపెడితే ఎక్సెల్ వాటిని ఆర్1, ఆర్10, ఆర్11, ఆర్2 అని పేరుస్తుంది, బీఓఎం సరిచూసేవారికి తలనొప్పి. దానికి విరుగుడుగా ఆర్01, ఆర్02 అని ముందు సున్నా పెట్టేవారున్నారు. వద్దు. మనిషి ఆర్01నూ ఆర్1నూ ఒకటిగా చదువుతాడు, యంత్రం రెండుగా చదువుతుంది, ఒకే ప్రాజెక్టులో రెండూ చేరితే ఇక అంతే.

ఒకే సర్క్యూట్ రెండుమూడు సార్లు వచ్చే డిజైన్లలో ఈ వందల పద్ధతి అసలు రుచి తెలుస్తుంది. పాత స్టీరియో యాంప్లిఫయర్ల సర్వీసు మాన్యువల్ చూసినవారికి తెలుసు: చాలావాటిలో ఎడమ ఛానల్ రెసిస్టర్ ఆర్101 అయితే కుడి ఛానల్‌లో దాని జోడీ ఆర్201. ఒక ఛానల్ మూగబోయినప్పుడు ఆర్117 దగ్గర వోల్టేజీ కొలిచి, ఆర్217తో పోల్చి చూస్తే లోపం దొరికేది. కైక్యాడ్‌లో అదే ఫలితం తేలికగా వస్తుంది. ఛానల్‌ను ఒక షీట్‌గా గీసి, ఆ షీట్‌ను ప్రధాన స్కీమాటిక్‌లో రెండుసార్లు పెట్టండి. గీసిన సింబల్ ఒక్కటే అయినా, ఒక్కో ప్రతిలో దానికి ఒక్కో పేరు ఉంటుంది. స్థానాలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి, రెండింటికీ ఒకేసారి అనోటేట్ చేస్తే చివరి రెండంకెలూ కలుస్తాయి. ఒక ప్రతిలో ఏదైనా పేరును చేత్తో మార్చారో, ఆ జోడీ అక్కడితో చెదిరిపోతుంది, కాబట్టి అక్కడ చేయి పెట్టకండి. ఆల్టియం అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనికి వేరే దారి ఉంది, ఒకే పేరుకు ఛానల్ గుర్తును చివర తగిలిస్తుంది. ఏ రూపంలో తగిలించాలో ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. హెచ్‌పీ పాత మాన్యువల్స్‌లో ముందు అసెంబ్లీ పేరు వచ్చేది, ఎ1ఆర్1, ఎ2ఆర్1 అన్నట్టు. పెద్ద క్యాబినెట్‌లో పది బోర్డులుంటే నాకు ఇప్పటికీ ఆ పద్ధతే నచ్చుతుంది.

ఇక బోర్డు మీది స్థానాన్ని బట్టి నంబర్లు ఇవ్వడం. దీన్ని తీసిపారేయను. వందల భాగాలున్న బోర్డు మీద ఆర్347 ఎక్కడుందో వెతకడం అంటే భూతద్దంతో కూర్చోవడమే. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నంబర్లు ఉంటే కన్ను నేరుగా అక్కడికి పోతుంది. 0402 భాగాలు (1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు) వాడే చోట పేరు ముద్రించడానికి స్థలమే ఉండదు. అలాంటి బోర్డుల్లో సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీది ముద్రణ) మీద పేర్లే వదిలేస్తారు, అప్పుడు వరుస ఒక్కటే ఆధారం. రిపేరు బల్ల దగ్గర కూర్చునేవారు ఈ పద్ధతినే కోరుకుంటారు, వారి బాధ వారిది. కానీ ఇప్పుడు బీఓఎంను బ్రౌజరులో తెరిచి, పేరు మీద క్లిక్ చేస్తే బోర్డు బొమ్మ మీద ఆ భాగం వెలిగే ప్లగిన్‌లు కైక్యాడ్‌కు ఉచితంగా దొరుకుతున్నాయి. వెతుకులాట తగ్గింది కాబట్టి, స్థానం కోసం స్కీమాటిక్‌లోని అర్థాన్ని వదులుకోవడం నాకు లాభంగా తోచదు.

మీరు దాన్నే ఎంచుకుంటే చేయవలసిన విధానం ఇది. 6వ వెర్షన్ నుంచి పీసీబీ ఎడిటర్‌లో, టూల్స్ మెనూలో, స్థానాన్ని బట్టి మళ్లీ నంబర్లు ఇచ్చే ఎంపిక ఉంది, పేరులో ‘జియోగ్రాఫికల్’ అని ఉంటుంది. లేఅవుట్ పూర్తిగా అయిపోయాక, ఫైళ్లు బయటికి వెళ్లే ముందు, ఒకేసారి దాన్ని వాడాలి. అందులో స్థానాలను ఒక గ్రిడ్‌కు సర్దుబాటు చేసే గడి ఉంటుంది, దాన్ని 1 మిల్లీమీటరు దగ్గర పెట్టి చూడండి. లేకపోతే ఒకే వరుసలో కనిపించే రెండు రెసిస్టర్లలో ఒకటి వెంట్రుకవాసి పైన ఉన్నా దానికే ముందు నంబరు పోతుంది, వరుస అర్థం లేకుండా గెంతుతుంది. అడుగువైపు భాగాలకు మొదటి నంబరు విడిగా ఇవ్వవచ్చు. 501 అనో 1001 అనో ఇస్తే, నంబరు వినగానే బోర్డు తిప్పాలా వద్దా అని తెలిసిపోతుంది. పని అయ్యాక బోర్డు నుంచి స్కీమాటిక్‌కు పేర్లు తిరిగి పంపాలి. ఈ మెట్టు మరిచిపోయి, రెండు రోజుల తరువాత స్కీమాటిక్ నుంచి ఎఫ్8 నొక్కితే కొత్త పేర్లన్నీ చెరిగి పాతవి వచ్చేస్తాయి.

ఎఫ్8 దగ్గర ఇంకో మాట. ఆ విండోలో, పేర్ల ఆధారంగా ఫుట్‌ప్రింట్‌లకు సింబల్స్‌తో మళ్లీ లంకె వేసే టిక్ పెట్టె ఉంటుంది. స్కీమాటిక్‌లో ఒక ముక్కను చెరిపి కొత్తగా గీసినప్పుడు గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి కాబట్టి అది పనికొస్తుంది. కానీ పేర్లు రెండువైపులా ఒకటేనని రూఢిగా తెలిసినప్పుడే. నంబర్లు జరిగిన స్కీమాటిక్ మీద దాన్ని టిక్ చేశారంటే, కొత్త ఆర్12ను తీసుకెళ్లి పాత ఆర్12 ఫుట్‌ప్రింట్‌కు కట్టేస్తుంది. అప్పటివరకు లోపల క్షేమంగా ఉన్న లంకె కూడా తెగుతుంది, తీగలన్నీ తప్పు ప్యాడ్‌ల మీద నిలబడతాయి. మీ బోర్డుకు ఇప్పటికే ఆ టిక్‌తో ఎఫ్8 నొక్కి ఉంటే, బోర్డు ఫైలును కూడా బ్యాకప్ నుంచే తీసుకోండి.

కాపీ, పేస్ట్ దగ్గర కూడా కాస్త జాగ్రత్త. మామూలు పేస్ట్ కాకుండా ‘పేస్ట్ స్పెషల్’ వాడితే, అతికించిన భాగాలకు కొత్త పేర్లు ఇవ్వాలా, పాతవే ఉంచాలా, పేర్లు చెరిపి ప్రశ్నార్థకం పెట్టాలా అని అడుగుతుంది. నేను ఎప్పుడూ మూడోది ఎంచుకుంటాను. అప్పుడు ఏది కొత్తదో కంటికి కనిపిస్తుంది, నంబరు నేను చెప్పిన చోటు నుంచి వస్తుంది.

ఆపాంప్‌లు, లాజిక్ గేట్ల విషయంలో అన్నీ చెరిపి మళ్లీ ఇవ్వడం ఇంకో రకంగా ప్రమాదం. నాలుగు గేట్ల చిప్‌లు రెండు ఉంటే, ఏ గేటు ఏ చిప్‌లోకి పోవాలో సాఫ్ట్‌వేర్ కొత్తగా పంచవచ్చు. అప్పుడు పేరు మాత్రమే కాదు, పిన్‌లు కూడా మారతాయి. పూర్తయిన లేఅవుట్‌లో తీగలు అడ్డదిడ్డంగా పడతాయి. లేఅవుట్ మొదలయ్యాక బహుభాగాల చిప్‌లున్న డిజైన్‌లో ఆ ఎంపిక వాడితే, వెంటనే బోర్డును అప్‌డేట్ చేసి, డీఆర్‌సీలో స్కీమాటిక్‌తో సరిపోల్చే తనిఖీని కూడా టిక్ చేసి నడపండి.

మీరు రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా ఇదంతా వేరే పేర్లతో అక్కడా ఉంటుంది. ఓర్‌క్యాడ్ క్యాప్చర్‌లో ‘ఇంక్రిమెంటల్’ అన్నది కొత్తవాటికి మాత్రమే ఇస్తుంది, ‘అన్‌కండిషనల్’ అన్నది అన్నిటినీ మారుస్తుంది. ఆల్టియంలో ఒక్కో పేరుకూ తాళం వేసుకునే వీలుంది, కైక్యాడ్‌లో నాకు లోటుగా అనిపించేది అదే. ఆల్టియంలో బోర్డు వైపు నుంచి నంబర్లు మారిస్తే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఉండే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. దాన్ని దాచి ఉంచడం మంచిది. కైక్యాడ్‌లో అలాంటిది కావాలంటే మార్పుకు ముందొక బీఓఎం, తరువాతొక బీఓఎం తీసి పెట్టుకోండి. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ వాడేవారైతే నంబర్ల మార్పును ఇంకే మార్పుతోనూ కలపకుండా విడి కమిట్‌గా (విడి నమోదుగా) పెట్టండి.

ఫైళ్లు పంపే రోజున గెర్బర్ (బోర్డు పొరల బొమ్మలు), డ్రిల్ (రంధ్రాలు), బీఓఎం, స్థానాల ఫైలు, స్కీమాటిక్ పీడీఎఫ్ అన్నీ ఒకే పూట, ఒకే కమిట్ నుంచి తీయండి. 7వ వెర్షన్ నుంచి కమాండ్ లైన్‌లో వీటిలో చాలావాటిని, 8వ వెర్షన్ నుంచి బీఓఎంను కూడా తీయవచ్చు కాబట్టి ఒక చిన్న స్క్రిప్టు రాసుకుంటే ఒక్క దెబ్బతో అన్నీ వస్తాయి. ‘బీఓఎం ఒక్కటే మారింది, అదొక్కటే మళ్లీ పంపుతాను’ అనే మాట మీ నోటి నుంచి వస్తోందంటే, ఆగి మొత్తం సెట్‌ను మళ్లీ తీయండి. బోర్డు మీద రివిజన్ అక్షరం పెద్దగా కనబడేలా ముద్రించండి. రిపేరుకు వచ్చిన బోర్డు చూడగానే ఏ పీడీఎఫ్ తెరవాలో తెలియాలి.

మీ ఫిల్టరుకు ఇవన్నీ కలిపి చెప్పాలంటే: మొదటి రివిజన్ ఇప్పటికే ఆర్1 నుంచి మొదలై బయటికి వెళ్లిపోయింది కాబట్టి వందల పద్ధతి ఈ ప్రాజెక్టుకు దాటిపోయింది, దాని జోలికి పోవద్దు. పాతవి అలాగే ఉంచి కొత్తవి 61 నుంచి ఇవ్వండి. వందలు తరువాతి ప్రాజెక్టులో మొదలుపెట్టండి.

మిగిలింది అక్షరాల సంగతి. ఈ అక్షరాలకు ప్రమాణాలున్నాయి. 1975 నాటి ఐఈఈఈ 200, దాని తరువాత 2008లో వచ్చిన ఏఎస్ఎంఈ వై14.44 అమెరికా పద్ధతిని చెబుతాయి. ఐఈసీ 81346 వేరే వర్గీకరణ. ఎలక్ట్రానిక్స్ బోర్డుల్లో మనందరికీ అలవాటైనది అమెరికా పద్ధతే: రెసిస్టర్‌కు ఆర్, కెపాసిటర్‌కు సి, కాయిల్‌కు ఎల్, డయోడ్‌కు డి, ట్రాన్సిస్టర్‌కు క్యూ, ఐసీకి యు, క్రిస్టల్‌కు వై, రిలేకు కె, ఫ్యూజుకు ఎఫ్, ట్రాన్స్‌ఫార్మర్‌కు టి, టెస్ట్ పాయింట్‌కు టీపీ. కనెక్టర్లలో జె అంటే స్థిరంగా ఉండేది, పి అంటే తీసి పెట్టేది; మగ, ఆడ అన్నదానితో సంబంధం లేదు. ఇది చాలామంది తిరగేసి వాడతారు. కేబుల్ చివర ఉన్నది పి, బోర్డుకు టంకం వేసినది జె అని గుర్తు పెట్టుకుంటే తొంభై పాళ్లు సరిపోతుంది.

పేర్ల అక్షరాలు చెడిపోవడానికి కారణం సాధారణంగా మీరు కాదు, దిగుమతి చేసుకున్న లైబ్రరీలు. ఒక చోట నుంచి తెచ్చిన చిప్ ఐసీ? అని వస్తుంది, ఇంకో చోటిది యు? అని, కనెక్టర్ ఒకటి సీఎన్?, ఇంకొకటి ఎక్స్?. స్కీమాటిక్‌లో కనబడినప్పుడల్లా దిద్దడం కాదు, వాడదలచిన సింబల్‌ను ముందు మీ సొంత లైబ్రరీలోకి తెచ్చుకుని, అక్కడ అక్షరం ఒకసారి మార్చి, ఆ తరువాతే వాడండి. ఎల్ఈడీకి డి పెట్టాలా ఎల్ఈడీ అనే పెట్టాలా అన్నది మీ ఇష్టం, ఒక ప్రాజెక్టులో రెండూ మాత్రం ఉండకూడదు.

మాస్‌ఫెట్‌కు ఎం అనే అలవాటు సర్క్యూట్లను సిమ్యులేట్ చేసే స్పైస్ నుంచి వచ్చింది. బర్క్‌లీలో 1970లలో పుట్టిన ఆ ప్రోగ్రాము నెట్‌లిస్ట్‌లోని (ఏ భాగం దేనికి కలిసిందో చెప్పే జాబితా) ప్రతి పంక్తి మొదటి అక్షరం చూసి అది ఏ భాగమో తేల్చుకుంటుంది. క్యూ అంటే బైపోలార్ ట్రాన్సిస్టర్, జె అంటే జేఫెట్, ఎం అంటే మాస్‌ఫెట్, ఎక్స్ అంటే సబ్‌సర్క్యూట్. ఎల్‌టీస్పైస్‌లో మీరు యు1 అని పెట్టిన ఆపాంప్ నెట్‌లిస్ట్‌లో ఎక్స్‌యు1గా కనిపించడం అందుకే. అక్కడ అక్షరం వ్యాకరణంలో భాగం, మార్చడానికి వీల్లేదు. బోర్డు మీద అలా కాదు. అక్కడ బైపోలార్ అయినా, మాస్‌ఫెట్ అయినా, జేఫెట్ అయినా క్యూ. జె అని పెట్టారో, అసెంబ్లీ చేసేవారు అది కనెక్టర్ అనుకుంటారు. మీరు సిమ్యులేషన్ ఎల్‌టీస్పైస్‌లో, బోర్డు కైక్యాడ్‌లో చేస్తున్నారు కాబట్టి అక్కడ ఎం3, ఇక్కడ క్యూ3 అని ఉంచండి. అక్షరం వేరైనా అంకె ఒకటే ఉంటే చాలు, పోల్చుకోవడానికి ఇబ్బంది ఉండదు. కైక్యాడ్‌లోనే ఎన్‌జీస్పైస్‌తో సిమ్యులేషన్ చేసేటట్టయితే ఆ బెడద కూడా లేదు. అక్కడ మోడల్‌ను సింబల్‌కు విడిగా జతచేస్తారు, పేరు క్యూ3గానే ఉంటుంది.